టిఫిన్ బదులు కాఫీ స్మూతీ తాగాలంటే పని ముందురోజు రాత్రే అయిపోవాలి

ప్రశ్న అడిగినవాళ్లు కావలి నుంచి రోజూ పొద్దున రైల్లో నెల్లూరుకు ఉద్యోగానికి వస్తారట. ఇంట్లో టిఫిన్ అయ్యేసరికి బండి టైమ్ అయిపోతోంది. అందుకని ఏదో వీడియో చూసి వేడి కాఫీ, ఐసు ముక్కలు, అరటిపండు, పాలు కలిపి మిక్సీలో తిప్పారు. పైన నురగ, కింద నీళ్లు, నోట్లో చేదు. పదింటికల్లా మళ్లీ ఆకలి. "ఫిల్టర్ కాఫీతో స్మూతీ అవుతుందా, లేక ఇన్‌స్టంట్ పొడే వాడాలా? అసలిది టిఫిన్‌కి బదులు సరిపోతుందా?" అన్నది వాళ్ల ప్రశ్న.

నెల్లూరులో ట్రంక్ రోడ్డు పక్క సందులో చాలా ఏళ్లుగా కాఫీ, జ్యూస్ కొట్టు నడుపుతున్నాను. ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను.

అవుతుంది, ఫిల్టర్ కాఫీతోనే ఇంకా బాగా అవుతుంది. కానీ ఐసు వేయకండి, వేడి కాఫీ అసలే వేయకండి. రాత్రి డికాషన్ తీసి, చల్లారాక ఐసు ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. అరటిపండు తొక్క తీసి, ముక్కలు కోసి డబ్బాలో అదీ ఫ్రీజర్‌లోనే. పాలు కాచి, చల్లార్చి ఫ్రిజ్‌లో. పొద్దున లేచాక మిక్సీ తిప్పడమే పని, మూడు నిమిషాలు కూడా పట్టదు. టిఫిన్‌కి సరిపోవాలంటే మాత్రం అందులో పప్పో గింజలో పడాలి. కాఫీ, పాలు, పండు మాత్రమే అయితే పదింటికి ఆకలి వేయడం న్యాయమే.

ఒక మనిషికి, పెద్ద గ్లాసుకి నా కొలత ఇది: గడ్డకట్టిన డికాషన్ ముక్కలు 3 (మామూలు ట్రేలో ముక్కకి సుమారు 15 మిల్లీలీటర్లు పడుతుంది), అరటిపండు 1, చల్లటి పాలు 150 మిల్లీలీటర్లు, పుట్నాలపప్పు పొడి 2 పెద్ద చెంచాలు, రాత్రి నానబెట్టిన వేరుశనగ గుళ్లు ఒక పిడికెడు, గింజ తీసిన ఖర్జూరాలు 2, చిటికెడు ఉప్పు. చక్కెర అక్కర్లేదు. ఉప్పు ఎందుకంటారేమో, చేదు నాలుకకి తగలడాన్ని అది తగ్గిస్తుంది. వేశారని తాగేవాళ్లకి తెలియనంత వేస్తే చాలు.

మిక్సీలో వేసే వరసకీ లెక్కుంది. ముందు ఖర్జూరం, గుళ్లు, పప్పుపొడి, సగం పాలు వేసి మెత్తగా తిప్పండి. తర్వాత మిగతా పాలు, అరటి ముక్కలు, డికాషన్ ముక్కలు వేసి, నాబ్‌ని పల్స్ వైపు నాలుగైదుసార్లు తిప్పి వదలండి. గడ్డలు పగిలాక ఒక పదిహేను సెకన్లు ఆపకుండా తిప్పితే అయిపోయింది. అన్నీ ఒకేసారి వేస్తే గడ్డలు పైన ఎగురుతుంటాయి, ఖర్జూరం అడుగున బ్లేడుకి చుట్టుకుపోతుంది.

ఇక మీకు ఎందుకు చెడిందో చూద్దాం.

వేడి కాఫీలో ఐసు వేస్తే ఆ ఐసంతా వేడిని చల్లార్చడానికే కరిగిపోతుంది. ఐదారు ముక్కలంటే 75 నుంచి 90 మిల్లీలీటర్ల నీళ్లు. అన్ని నీళ్లు పోశాక అది స్మూతీ ఎలా అవుతుంది? గడ్డకట్టించిన డికాషన్ వాడితే చల్లదనమూ, కాఫీ రుచీ ఒకే ముక్కలో వస్తాయి. కరిగినా కాఫీయే. గడ్డకట్టిన అరటిపండుతో చిక్కదనం వస్తుంది. నురగ మాత్రం ఎక్కువసేపు తిప్పడం వల్ల వచ్చేది. వీడియోల్లో రెండు నిమిషాలు తిప్పేవాళ్ల దగ్గర ఉండే మెషీన్లు వేరు, మన ఇళ్లలో పచ్చళ్ల మిక్సీ వేరు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. మూత పెట్టిన మిక్సీ జార్‌లో వేడివేడి కాఫీ తిప్పడం ప్రమాదం. ఆవిరి ఒత్తిడికి మూత ఎగిరి మొహం మీద పడుతుంది. మా కొట్టులో కొత్తగా చేరే కుర్రాళ్లకి మొదట చెప్పేది ఇదే. తొందరలో ఉన్నారు కాబట్టి మీకూ చెబుతున్నాను.

చేదు సంగతి. మీరు రోజూ వేడిగా తాగే కాఫీలో వేసినంత తీపే దీంట్లోనూ వేసి ఉంటారు. చల్లగా ఉన్నదాంట్లో తీపి నాలుకకి తక్కువ తెలుస్తుంది. అదే కాఫీ, అదే చక్కెర, అయినా చల్లారితే చేదుగా అనిపిస్తుంది. కొట్టుకొచ్చే పిల్లలు మొదటిసారి కోల్డ్ కాఫీ తాగి "ఏందన్నా, ఇంత చేదుగా ఉండాది?" అనేది అందుకే. ఖర్జూరం, బాగా మాగిన అరటిపండు ఆ పని చూసుకుంటాయి. తొక్క మీద నల్ల చుక్కలు పడ్డ పండు తీసుకోండి. పచ్చివాసన పోని పండు ఎంత గడ్డకట్టించినా వగరే. ముఖ్యంగా పండుని తొక్కతో సహా ఫ్రీజర్‌లో పెట్టొద్దు. నల్లబడి, పొద్దున తొక్క రాక గోళ్లతో పీక్కోవాల్సి వస్తుంది.

డికాషన్ గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, అసలు రుచంతా అక్కడే కాబట్టి.

ఫిల్టర్ పై గిన్నెలో 25 గ్రాముల పొడి, అంటే మూడు పెద్ద చెంచాలు నిండుగా వేసి, మరీ నొక్కకుండా పైన ప్లంజర్ (చిల్లుల బిళ్ల) పెట్టి, 150 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే కిందకి 100 మిల్లీలీటర్ల దాకా దిగుతుంది. మిగతాది పొడి పీల్చేసుకుంటుంది. నీళ్లు తెర్లుతుండగా కాదు, స్టవ్ ఆపి కాసేపాగి పోయండి. ఈ 100 మిల్లీలీటర్లు ఆరు ముక్కలవుతాయి, రెండు రోజులకి సరిపోతాయి. రెండో డికాషన్ ఇందులో వాడొద్దు. అది సాయంత్రం ఎవరైనా వస్తే కాఫీలోకి సర్దుకోవచ్చు గానీ, స్మూతీలో రంగే తప్ప రుచి ఇవ్వదు.

పొడి కొనేటప్పుడు చికోరీ (కాఫీలో కలిపే వేయించిన వేరు పొడి) తక్కువ కలపమనండి. మన నెల్లూరు మద్రాసుకి దగ్గర కావడంతో ఫిల్టర్ కాఫీ అలవాటు ఉన్న ఊరు, గింజలు ఎదురుగా ఆడించి ఇచ్చే కొట్లు ఇక్కడ ఉన్నాయి. అక్కడ పీబెర్రీ, ప్లంటేషన్-ఎ అనే గింజ రకాలు అడిగి, 100కి 15 నుంచి 20 గ్రాములు చికోరీ చాలని చెప్పండి. వేడి కాఫీకి 30, 40 వేయించుకునే ఇళ్లు ఉన్నాయి, పాలతో వేడిగా అది బాగానే ఉంటుంది. చల్లటిదాంట్లో మాత్రం చికోరీ చేదు విడిగా తెలిసిపోతుంది. డికాషన్ నల్లగా, జిగురుగా ఉంటే కాఫీ గట్టిగా ఉందనుకుంటారు చాలామంది. ఆ నలుపూ జిగురూ చాలావరకు చికోరీవే, దాంట్లో కెఫీన్ కూడా ఉండదు. కాఫీలో రోబస్టా రకం గింజలో కెఫీన్ అరాబికా రకం కంటే దాదాపు రెట్టింపు ఉంటుంది, చేదూ ఎక్కువే.

నీళ్లు కూడా చూసుకోవాలి. కనిగిరి, పామూరు ప్రాంతాల్లో బోరు నీళ్లు ఉప్పగా, కఠినంగా ఉంటాయి. ఫ్లోరైడ్ సంగతి చెప్పనక్కర్లేదు. ఆ నీళ్లతో తీస్తే ఎంత మంచి పొడి వేసినా డికాషన్ చప్పగా, జీవం లేకుండా ఉంటుంది. అక్కడ ఉండేవాళ్లు బోరు నీళ్లు కాకుండా, తాగడానికి తెచ్చుకునే నీళ్లతోనే డికాషన్ తీయండి. మీకు కావలిలో కుళాయి నీళ్లు బాగుంటే సరే, లేదంటే క్యాన్ నీళ్లు వాడండి.

ఇన్‌స్టంట్ వాడితే తప్పా? తప్పేం కాదు. ఫిల్టర్ లేనివాళ్లు, హాస్టల్ పిల్లలు అదే వాడాలి. చెంచాన్నర పొడిని మూడు చెంచాల వేడి నీళ్లలో బాగా కలిపి, చల్లారాక వేయండి. పొడిని నేరుగా చల్లటి పాలలో వేస్తే ఉండలు కట్టి అంచులకి అంటుకుంటుంది. కొనేముందు ప్యాకెట్ మీద కాఫీ శాతం, చికోరీ శాతం చదవండి. కొన్నింట్లో చికోరీయే సగం దాకా ఉంటుంది. ఇన్‌స్టంట్‌తో చేస్తే డికాషన్ ముక్కలు ఉండవు కాబట్టి, చల్లదనం కోసం కొంచెం పాలని కూడా ట్రేలో గడ్డకట్టించుకోండి. ఐసు జోలికి అప్పుడు కూడా వెళ్లొద్దు.

పాల దగ్గర మన జిల్లాల వాళ్లు పడే ఇబ్బంది ఒకటుంది. గేదెపాలు చిక్కగా ఉంటాయి, స్మూతీకి బ్రహ్మాండం. అయితే మీగడతో సహా చల్లటి పాలు వేసి కాస్త ఎక్కువసేపు తిప్పారంటే వెన్న తేలుతుంది. మూతకి, గ్లాసు అంచుకి తెల్లగా రేణువులు అంటుకుని, తాగుతుంటే పెదాలకి జిడ్డు. పాలు విరిగాయనుకుని పారబోసేవాళ్లు ఉన్నారు. విరగలేదు, మీగడ వెన్నయింది, అంతే. పాలు వడకట్టి పోయండి, మీగడ తీసి పెరుగులోకి వేసుకోండి. ప్యాకెట్ పాలైతే ఈ గొడవ తక్కువ, చిక్కదనం కొంచెం తగ్గుతుంది.

నిజంగా విరిగే సందర్భం వేరు. కాఫీకి కొంచెం పులుపు గుణం ఉంటుంది. నిన్నటివో మొన్నటివో పాలు లోలోపల పులుపెక్కుతూ ఉంటాయి, వాసనకి తెలియదు. అలాంటి పాలలో వేడి డికాషన్ పోస్తే టక్కున విరుగుతాయి. రెండూ చల్లగా ఉంటే ఆ భయం చాలా తగ్గుతుంది. ఇక్కడా గడ్డకట్టిన డికాషనే మేలు.

పండ్లలో ఏది? అరటిలో పొడుగు పచ్చ అరటి రకం, బాగా మాగింది, బాగా కుదురుతుంది. అమృతపాణి వాసన కాఫీతో పోటీ పడుతుంది, కొందరికి అదే ఇష్టం. కర్పూర అరటిలో పులుపు ఉంటుంది, నేను వేయను. చక్రకేళి వేస్తే ఖర్జూరం మానేయండి, తీపి ఎక్కువైపోతుంది.

నన్నడిగితే అరటి కంటే సపోటా గొప్ప జోడీ. దాని తీపిలో మొదటి నుంచీ కాస్త మాడిన బెల్లం వాసన ఉంటుంది, కాఫీతో కలిపితే రెండూ ఒకే ఇంటివి అనిపిస్తాయి. రెండు మాగిన సపోటాలు, తొక్క తీసి, గింజలు ఒకటికి రెండుసార్లు చూసి తీసి వేయండి. ఒక్క గింజ ఉండిపోయినా బ్లేడు పాడు, తాగేదాంట్లో పెంకు ముక్కలు. దోర కాయ అయితే పాలు కారి నాలుక పట్టేస్తుంది, ఆ పూటకి అరటిపండే నయం. మా కొట్టులో సపోటా దొరికినన్నాళ్లు కాఫీ సపోటా అడిగేవాళ్లే ఎక్కువ.

బొప్పాయి, అనాస వద్దు. వాటిలో ఉండే ఎంజైములు పాలలోని మాంసకృత్తుల్ని విడగొట్టి చేదు తెస్తాయి, కాసేపు నిలవుంటే మరీను. బత్తాయి, కమలా లాంటి పుల్లటివి సరేసరి. గూడూరు నిమ్మకాయకి కూడా ఇక్కడ ఉన్న పని ఒక్కటే, అల్లం వెల్లుల్లి వాసన పట్టిన జార్‌ని దాని చెక్కతో తోమడం. ఆ వాసన పోకుండా ఎన్ని ఖర్జూరాలు వేసినా మీది మసాలా కాఫీయే. వీలైతే చిన్న జార్ ఒకటి దీనికని విడిగా పెట్టుకోండి. ఒక మనిషికి చేసేటప్పుడు పెద్ద జార్ కంటే చిన్న జారే బాగా తిరుగుతుంది.

ఇక టిఫిన్ లెక్క. పాలు, పండు, కాఫీ మాత్రమే అయితే మాంసకృత్తులు 6 గ్రాముల చుట్టుపక్కలే. పుట్నాలపప్పు, వేరుశనగ పడితే సుమారు 13, 14 గ్రాములకి వెళ్తుంది, మొత్తం మీద 400 కేలరీల చుట్టుపక్కల వస్తుంది. మధ్యాహ్నం క్యారేజీ దాకా అది నిలబెడుతుంది. పుట్నాలపప్పు ముందే పొడి కొట్టి డబ్బాలో పెట్టుకోండి. ఓట్స్ వేసుకోవాలంటే రాత్రే పాలలో నానబెట్టాలి, లేకపోతే పంటికింద పిండి పిండిగా తగులుతుంది.

రాగిపిండి పచ్చిది ఎప్పుడూ వేయొద్దు. రుచి బాగోదు, కడుపు ఉబ్బుతుంది. రాగిజావ రాత్రి కాచి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మాత్రం అద్భుతంగా ఉంటుంది. కొట్టుకి రోజూ నడకకి వెళ్తూ వచ్చే ఒక రిటైర్డ్ మాస్టారు నాచేత ఇది మొదలుపెట్టించారు. ఆయనకి పాలు పడవు. చల్లటి రాగిజావ ఒక గ్లాసు, డికాషన్ ముక్కలు రెండు, తాటిబెల్లం కొంచెం. మొదట నాకు నమ్మకం లేదు, జావలో కాఫీ ఏంది అనుకున్నా. ఇప్పుడు ఎండాకాలం మా ఇంట్లోనూ అదే. ప్రకాశం వైపు సజ్జలు వాడే ఇళ్లలో సజ్జ జావతో చేసినవాళ్లూ ఉన్నారు. నాకు ఆ మొరటుదనం కాఫీతో నచ్చలేదు, మీ ఇష్టం.

ఇప్పుడు జాగ్రత్తలు. ఇవి చదవకుండా వదిలేయకండి.

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కింద హైదరాబాద్‌లో పనిచేసే జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం రోజుకి కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటకూడదు. 150 మిల్లీలీటర్ల కప్పు డికాషన్ తీసి చేసిన కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటాయని అందులోనే ఉంది. నేను చెప్పిన మూడు ముక్కలు ఒక మంచి కప్పు కాఫీ లెక్క. లేవగానే ఒక కాఫీ, తర్వాత ఈ స్మూతీ, ఆఫీసులో రెండు టీలు అంటే హద్దు దగ్గరికి వచ్చేసినట్టే. స్మూతీ తాగే రోజు లేవగానే తాగే కాఫీ మానేయండి. పరీక్షల టైములో పిల్లలు పూటకొకటి లాగించి నిద్ర పట్టక, గుండె దడ అని టెన్షన్ పడటం చూశాను. చిన్నపిల్లలకి అసలు ఇవ్వొద్దు, వాళ్లకి డికాషన్ లేకుండా మిగతాదంతా తిప్పి ఇవ్వండి.

అదే సంస్థ భోజనానికి ముందు గంట, తర్వాత గంట కాఫీ, టీ వద్దంటుంది. వాటిలోని టానిన్లు ఆహారంలో ఇనుముని ఒంటికి పట్టనివ్వవు. రక్తహీనత ఉన్నవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఖర్జూరం వేశాం కదా ఐరన్ వస్తుందని ధీమాగా ఉండొద్దు. ఐరన్ మాత్ర దీంతో కలిపి అసలు వేసుకోవద్దు. అలాంటివాళ్లకి నా సలహా, పొద్దున పూట డికాషన్ మానేసి, కాఫీ కావాలంటే సాయంత్రం నాలుగింటికి విడిగా తాగండి.

థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకునేవాళ్లు కనీసం అరగంట, గంటైతే ఇంకా మంచిది, ఆగి తాగాలి. షుగర్ ఉన్నవాళ్లు అరటి సగానికి తగ్గించి, ఖర్జూరం తీసేసి, గుళ్లు, పప్పు పెంచుకోండి. సపోటా వాళ్లకి కాదు. గర్భిణులైతే రోజు మొత్తం మీద కెఫీన్ 200 మిల్లీగ్రాములు దాటొద్దని డాక్టర్లు చెబుతారు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి అరటిపండులో పొటాషియం ఇబ్బంది కావచ్చు, డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టొద్దు. ఖాళీ కడుపున కాఫీ పడితే గుండెల్లో మంట వచ్చేవాళ్లు ముక్కలు ఒకటికి తగ్గించి చూడండి, అయినా మంట వస్తే ఇది మీకు కాదు.

రైల్లో తీసుకెళ్లే సంగతి మీరు అడగలేదు గానీ, ఎలాగూ అదే చేస్తారు కాబట్టి చెబుతున్నాను. ఇంట్లో తాగి బయల్దేరగలిగితే అదే మంచిది. బాటిల్‌లో పోసుకుంటే పప్పుపొడి, ఓట్స్ పాలని పీల్చుకుని గంటలో గట్టిపడిపోతుంది. అరటి రంగు మారుతుంది, అది చెడినట్టు కాదు. తీసుకెళ్లే రోజు పాలు 50 మిల్లీలీటర్లు ఎక్కువ పోయండి. మామూలు బాటిల్ కాకుండా ఫ్లాస్కు తీసుకుని, నింపేముందు దాన్ని చల్లటి నీళ్లతో తొలిపి పోయండి. రోహిణి కార్తె ఎండల్లో కావలి స్టేషన్‌లో బండి లేటైతే మామూలు బాటిల్‌లో పాలు గంట కూడా నమ్మకం లేదు. ఫ్లాస్కులో ఉన్నా నెల్లూరు దిగేలోపు తాగేయండి, ఆఫీసు బల్ల మీద పెట్టి పదకొండింటికి తాగుదామనుకోవద్దు.

ఆ ఫ్లాస్కు మూతలో రబ్బరు వాషర్ ఉంటుంది. రోజూ దాన్ని ఊడదీసి కడగాలి. పాలు, అరటి దాని వెనక చేరి రెండు రోజుల్లో పులిసిన కంపు కొడుతుంది. అప్పుడు లోపల ఎంత తాజాగా చేసి పోసినా మొదటి గుక్కలోనే ఆ వాసన వస్తుంది. మిక్సీ జార్ మూత రబ్బరుదీ ఇదే కథ. తిప్పగానే జార్‌లో నీళ్లు పోసి వదిలి వెళ్లండి, సాయంత్రం వచ్చాక తోముకోవచ్చు. పొడిగా వదిలేస్తే ఖర్జూరం, పప్పుపొడి ఎండి బ్లేడు కింద సిమెంటులా బిగుస్తాయి.

మీ మిక్సీ చిన్న జార్ ఎంత పడుతుందో, మీకు ఏ పాలు దొరుకుతాయో రాస్తే కొలతలు దానికి తగ్గట్టు సరిచేసి చెబుతాను.